ఇన్‌స్టంట్ బీఫ్ ఫో: ఇంట్లో రుచి చూడటం ఎలా?

మ్యాగీ చేసినట్టు చేస్తే ఫో పాడవుతుంది. ఇన్‌స్టంట్ నూడుల్స్ అనగానే మన చేతులు వాటంతట అవే ఒక పని చేసేస్తాయి. నీళ్లు మరిగించడం, నూడుల్స్ విరిచి పడేయడం, మసాలా అంతా గుమ్మరించడం, ఉల్లిపాయ, టమాటా, కాస్త కారం, నీళ్లన్నీ ఇగిరేదాకా కలియబెట్టడం. గోధుమ నూడుల్స్ ఆ మోటుదనాన్ని ఓర్చుకుంటాయి. వియత్నాం వాళ్ల బియ్యపు నూడుల్స్ ఓర్చుకోవు. ఇక సూపు ఇగిరిపోతే తినడానికి మిగిలేదేమీ ఉండదు, ఫోలో అసలు సంగతంతా ఆ నీళ్లలోనే ఉంది కాబట్టి.

వేడినీళ్లు పోసి మూత పెట్టడం తప్ప ఇందులో వంట దాదాపు లేదు. నేర్చుకోవాల్సింది రుచి చూడటమే. ప్యాకెట్‌లోని ఒక్కో పొట్లం ఏం పని చేస్తోందో ముందు విడిగా పట్టుకోవాలి. తర్వాత కలపాలి. నిమ్మకాయ, మిరపకాయ ఆఖర్న రావాలి. ఈ వరస పాటిస్తే చవక ప్యాకెట్ కూడా చాలా విషయాలు చెబుతుంది. వరస తప్పితే ఖరీదైనదీ ఉప్పునీళ్లలాగే ఉంటుంది.

ముందు అసలుది ఏమిటో తెలియాలి

ఫో పుట్టిల్లు ఉత్తర వియత్నాం. హనోయ్‌లోనూ, దానికి దక్షిణాన ఉన్న నామ్ దిన్ ప్రాంతంలోనూ 20వ శతాబ్దం తొలినాళ్లలో కావిళ్ల మీద మోసుకుంటూ వీధి వీధి తిరిగి అమ్మిన సూపు ఇది. పశువుల ఎముకలను గంటల తరబడి సన్నసెగ మీద ఉంచుతారు. గలగలా తెర్లనివ్వరు, తెర్లితే సూపు మసకబారుతుంది. పైకి తేలే నురగను తీసేస్తూనే ఉంటారు. అల్లం, ఉల్లి పొట్టుతోనే మంట మీద నల్లగా కాల్చి, మాడిన పొట్టు గీకేసి వేస్తారు. అనాస పువ్వు, దాల్చిన చెక్క, లవంగాలు, నల్ల యాలకులు, ధనియాలు నూనె చుక్క లేకుండా వేయించి, మూటగట్టి అందులో దించుతారు. ఉప్పదనంలో మంచి భాగం చేప సాస్‌ది. చదునైన బియ్యపు నూడుల్స్ మీద పల్చగా తరిగిన మాంసం, ఉల్లికాడలు పరిచి, మరిగే సూపు పోసి ఇస్తారు. మనం ఇడ్లీ తినే వేళకి వాళ్లు ఇది తింటారు.

మసాలా పేర్లు చూశారుగా, అన్నీ మన బిర్యానీ డబ్బాలో ఉన్నవే. మన బిర్యానీలో అనాస పువ్వు ఒకటో రెండో పడుతుంది. అదీ నూనెలో వేగి, అల్లంవెల్లుల్లి, కారం, పుదీనాల మధ్య ఎక్కడో కలిసిపోతుంది. ఫోలో పసుపు లేదు, కారప్పొడి లేదు, తాలింపు లేదు. అనాస పువ్వు దాక్కోవడానికి చోటే లేదు. అందుకే తెలుగువాళ్లు మొదటి గుక్క తాగగానే ‘ఇందులో సోంపు వేశారా?’ అంటారు. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. సోంపుకీ అనాస పువ్వుకీ ఆ వాసననిచ్చేది అనెథోల్ అనే ఒకే పదార్థం.

1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది నుంచి లక్షల మంది దక్షిణానికి వలస వెళ్లారు. వాళ్లతో పాటు ఫో కూడా సైగాన్‌లో స్థిరపడి, అక్కడి నేలకు తగ్గట్టు మారింది. హనోయ్ బల్ల మీద వెల్లుల్లి వేసిన వెనిగర్, మిరప ముక్కలు ఉంటాయి, అంతకు మించి పెద్దగా ఉండవు. సైగాన్‌లో మాత్రం పళ్లెం నిండా ఆకులు, పెసర మొలకలు, నిమ్మ ముక్కలు, తియ్యటి హొయ్‌సిన్ సాస్, మిరప సాస్ వస్తాయి. సూపు కూడా ఒక పిసరు తీపి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో మనవాళ్లు తినేది చాలావరకు ఈ దక్షిణాది ఫోనే, ఎందుకంటే 1975 తర్వాత అక్కడికి చేరిన వియత్నామీయుల్లో దక్షిణాదివాళ్లే ఎక్కువ. ఈ తేడా గుర్తుంచుకోండి, చేర్పుల దగ్గర పనికొస్తుంది.

ప్యాకెట్ ఎంచుకోవడం

2021 లెక్కల ప్రకారం తలసరి ఇన్‌స్టంట్ నూడుల్స్ తినడంలో ప్రపంచంలో మొదటి స్థానం వియత్నాందే. మనిషికి ఏడాదికి 87 ప్యాకెట్లు. దక్షిణ కొరియాను దాటేశారు. అయితే అందులో సింహభాగం గోధుమ నూడుల్స్. కాబట్టి వియత్నాం ప్యాకెట్ అయినంత మాత్రాన అది ఫో అయిపోదు. పేరులో ‘ఫో’ అని ఉండాలి. ‘మీ’ అని ఉంటే గోధుమవి. ‘బున్ బో హ్యూ’ అని ఉంటే అది నిమ్మగడ్డి, కారం దండిగా ఉండే గుండ్రటి నూడుల్స్ సూపు, చాలా బాగుంటుంది కానీ వేరే వంట. ఫో పక్కన ‘బో’ ఉంటే బీఫ్, ‘గా’ ఉంటే కోడి. ‘చాయ్’ ఉంటే మన టీ అనుకోకండి, శాకాహారం.

1963లో సైగాన్‌లో మొదలైన వైఫాన్, జపాన్ మూలాలున్న ఏస్‌కుక్ వియత్నాం వారి ఓ! రైసీ చాలా దేశాల్లో దొరికే పేర్లు. మొదటిసారి కొనేవాళ్లు పేరు కన్నా పదార్థాల జాబితా చూడటం మేలు. నూడుల్స్‌లో బియ్యప్పిండి మొదటి స్థానంలో ఉండాలి. మసాలాలో అనాస పువ్వు, దాల్చిన చెక్క పేర్లు కనబడాలి. ఉత్త ‘మసాలా దినుసులు’ అని ముక్తసరిగా రాసినదాని కన్నా పేర్లు విప్పి రాసినదాన్ని నేను ఎంచుకుంటాను. నూనె పొట్లం విడిగా ఉన్నది తీసుకోండి. అన్నీ కలిపేసిన ఒకే పొడి పొట్లం ఉన్నదాంతో కడుపు నింపుకోవచ్చు, రుచి నేర్చుకోలేం.

బీఫ్ సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ప్యాకెట్ మీద మాంసం బొమ్మ ఉన్నా లోపల మాంసం ఉండకపోవచ్చు. వియత్నాంలో అమ్మే కొన్ని రకాల్లో నిజం మాంసం ముక్కలున్న చిన్న సంచి ఉంటుంది. విదేశాలకు పంపేవాటిలో చాలావాటికి ఉండదు, మాంసం దిగుమతి మీద చాలా దేశాల్లో ఆంక్షలున్నాయి. ఇక బీఫ్ ఫ్లేవర్‌ను పశువు లేకుండానే తయారు చేయవచ్చు. సోయా, గోధుమల ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి, చక్కెరతోనూ గంధకం ఉండే అమైనో ఆమ్లంతోనూ కలిపి వేడిచేస్తే కాల్చిన మాంసం వాసన పుడుతుంది. అలాగని ‘ఫ్లేవర్’ అని ఉన్నదల్లా శాకాహారమని పొరబడవద్దు. అదే పొడిలో కోడి పొడో, చేప సారమో ఉండొచ్చు. జాబితా ఆసాంతం చదవాల్సిందే.

మన దేశంలోకి బీఫ్‌ను, బీఫ్ ఉన్న పదార్థాలను ఏ రూపంలోనూ దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్, విశాఖ దుకాణాల్లో కనబడేవి కోడి ఫో, శాకాహార ఫో, కృత్రిమ ఫ్లేవర్ రకాలే అయి ఉండాలి. వియత్నాం విహారయాత్ర నుంచి సూట్‌కేసులో తెచ్చుకునేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోండి. డాలస్, హ్యూస్టన్, శాన్ హోసేల్లో ఉండే తెలుగువాళ్లకైతే ఈ బాధ లేదు, వియత్నాం సూపర్ మార్కెట్లో ఒక వరస మొత్తం ఇవే. బీఫ్ తినని ఇళ్లలో కోడి ఫోతో గానీ శాకాహారంతో గానీ కింద చెప్పిన మెట్లన్నీ యథాతథంగా పాటించవచ్చు. అనాస పువ్వు పాళ్లు కోడి ఫోలో తగ్గుతాయి, అల్లం పైకొస్తుంది, అంతే తేడా.

మాంసం లేని ప్యాకెట్‌ను చూసి మొహం చిట్లించుకునేవాళ్లకు ఒక మాట. వియత్నాం యుద్ధకాలంలోనూ, ఆ తర్వాత రేషన్ రోజుల్లోనూ హనోయ్ ప్రభుత్వ హోటళ్లలో మాంసం లేని ఫో అమ్మేవారు. అమెరికా అప్పట్లో ఉత్తర వియత్నాం మీదికి మనిషి లేని నిఘా విమానాలను పంపేది. హనోయ్ జనం ఆ గిన్నెకు ‘పైలట్ లేని ఫో’ అని పేరు పెట్టారు. ఎసట్లో ఎముకలు కరువైన ఆ రోజుల్లో కమ్మదనం కోసం అజినోమోటో మీద ఆధారపడ్డారు. మీ చేతిలోని ప్యాకెట్ ఆ వంశంలోదే.

కావలసినవి

ఒక ప్యాకెట్, పెద్ద పింగాణీ గిన్నె, దాని మీద సరిపోయే పళ్లెం, మూడు టీ కప్పులు, చెంచాలు, నీళ్లు కొలిచే గ్లాసు. స్టీలు గిన్నె వద్దు, అంచు కాలి పెదవి పెట్టనివ్వదు, పైగా త్వరగా చల్లారుతుంది. చాప్‌స్టిక్స్ రాకపోతే ఫోర్క్ వాడండి, ఎవరూ ఏమీ అనరు. పొద్దున పూట, ఖాళీ కడుపుతో, కాఫీ తాగకముందు చేయండి. ముందురోజు రాత్రి ఆవకాయ తిన్నా పర్వాలేదు గానీ అరగంట ముందు తింటే మాత్రం ఈ పని రేపటికి వాయిదా వేసుకోండి.

మూడు కప్పుల పరీక్ష

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. మీరు దీన్నే దాటేయాలనుకుంటారని కూడా తెలుసు. ఐదు నిమిషాల పని, దాటేయకండి.

పొట్లాలన్నీ బల్ల మీద వరసగా పెట్టండి. మామూలుగా ఒక పొడి, ఒక నూనె లేదా ముద్ద, ఒక ఎండు ఆకుల పొట్లం, కొన్నిటిలో మిరప సాస్ ఉంటాయి. పొడి పొట్లం మూల కత్తిరించి ముక్కు దగ్గర పెట్టుకోండి. లోతుగా పీల్చవద్దు, తుమ్ములొస్తాయి. ముందు తగిలేది ఏమిటి? తియ్యటి సోంపు వాసనా, దాల్చిన చెక్కా, లేక కోడిగుడ్డు పొరటు చేసిన మూకుడులాంటి మాంసపు వాసనా? రాసుకోండి. ముందు తగిలిందే ఆ కంపెనీ దేని మీద డబ్బు పెట్టిందో చెబుతుంది.

మొదటి కప్పులో పావు చెంచా పొడి వేసి, సుమారు వంద మిల్లీలీటర్ల వేడినీళ్లు పోయండి. రెండో కప్పులో అంతే పొడి, అన్నే నీళ్లు, అదనంగా నూనె పొట్లం నుంచి నాలుగైదు చుక్కలు. చలికాలంలో నూనె గడ్డకట్టి తెల్లగా ఉంటుంది, పొట్లాన్ని వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచితే కరుగుతుంది. మూడో కప్పులో నూడుల్స్ అంచు నుంచి విరిచిన చిన్న తునక, ఉత్త వేడినీళ్లు. మూడింటినీ కాసేపు ఆరనివ్వండి. నాలుక కాలితే ఆ రోజుకి రుచి పరీక్ష ముగిసినట్టే.

మొదటి కప్పును ముక్కు మూసుకుని తాగండి. ఉప్పు తెలుస్తుంది, వెనకాల కొంచెం తీపి, ఆ తర్వాత నాలుక మొత్తాన్ని పరుచుకునే కమ్మదనం. అంతే. అనాస పువ్వు జాడే ఉండదు. మింగేలోగా ముక్కు వదలండి. ఒక్కసారిగా గొంతు వెనక నుంచి మసాలా పైకి లేస్తుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎంత భాగం వాసనో ఈ ఒక్క గుక్క తేల్చేస్తుంది. పిల్లలతో చేయించండి, ఎగిరి గంతేస్తారు.

ఆ కమ్మదనం వెనక ఉన్నది మోనోసోడియం గ్లుటమేట్, అంటే మన ఇళ్లలో అజినోమోటో అని పిలిచేది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు రసం నుంచి దీన్ని గుర్తించాడు. లేబుల్ మీద 621 అంకె దీనిదే. పక్కనే 627, 631 గానీ 635 గానీ ఉంటాయి. ఇవి విడిగా పెద్ద పని చేయవు, 621తో కలిస్తే మాత్రం కమ్మదనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎముకల సూపులో ఈ జంట సహజంగానే ఉంటుంది, పొడి దాన్ని అనుకరిస్తుంది. అజినోమోటో పేరు వినగానే చేతులెత్తేయనక్కర్లేదు. టమాటాలో ఉండే గ్లుటమేట్‌కూ దీనికీ శరీరానికి తేడా తెలియదు. ఈ పొడిలో జాగ్రత్త పడాల్సిందల్లా ఉప్పు విషయంలో, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ఇప్పుడు రెండో కప్పు. పైన చూడండి, బంగారు రంగు చుక్కలు తేలుతుంటాయి. వెలుతురుకి పట్టి కప్పును వంచితే అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, వదిలితే అంచుకు చేరతాయి. తాగండి. పొడీ నీళ్లూ మొదటి కప్పులోనివే, ఉప్పు కూడా అంతే. అయినా ఇది మెత్తగా, నిండుగా ఉంటుంది, మసాలా వాసన మింగిన తర్వాత కూడా నిలుస్తుంది. అనాస పువ్వులోని అనెథోల్, దాల్చిన చెక్కలోని సువాసన పదార్థం నీళ్లలో కన్నా కొవ్వులో బాగా కరుగుతాయి. కొవ్వు వాటిని పట్టి ఉంచి, నోట్లో నెమ్మదిగా వదులుతుంది. ఆరోగ్యం పేరుతో నూనె పొట్లాన్ని చెత్తబుట్టలో వేసేవాళ్లు సగం ఫోను అందులో వేస్తున్నారు. సైగాన్ హోటళ్లలో సూపు మీద తేరిన కొవ్వును ఉల్లికాడల తెల్లటి భాగంతో కలిపి ప్రత్యేకంగా ఒక చిన్న గిన్నెలో అడిగి తెప్పించుకునేవాళ్లున్నారు.

మూడో కప్పులోని తునకను నమలండి. ఉప్పు లేదు, మసాలా లేదు, శుభ్రమైన బియ్యం రుచి. అన్నం రుచి తెలిసిన మనకు ఇక్కడ ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదు. పాత బియ్యం వాసన గానీ, ప్లాస్టిక్ వాసన గానీ వస్తే ఆ నూడుల్స్ నిలవ ఉన్నవి. కొరికితే లోపల కొంచెం పట్టు తగలాలి, పంటికి అంటుకోకూడదు.

గిన్నె కలపడం

బియ్యంలో గ్లూటెన్ ఉండదు. గోధుమ నూడుల్స్‌ను పట్టి ఉంచే ఆ జిగి లేకపోవడంతో, ఈ నూడుల్స్ నిలబడేది పిండి పదార్థం ఒకసారి ఉడికి, ఆరి, బిగుసుకోవడం వల్లనే. బియ్యప్పిండి జావను పల్చటి రేకుగా ఆవిరి మీద ఉడికించి, కోసి, ఆరబెట్టి తయారు చేస్తారు. సాధారణ గోధుమ ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను నూనెలో వేయించి ఆరబెట్టినట్టు వీటిని చాలా వరకు వేయించరు. అంటే ఇవి ఉడికిన సరుకే, మీరు తిరిగి నీళ్లు పట్టిస్తున్నారు. పొయ్యి మీద తెర్లిస్తే ముక్కలై, పిండి వదిలి, సూపును గంజి చేస్తాయి.

గిన్నెలో ఒకసారి వేడినీళ్లు పోసి, గుండ్రంగా తిప్పి, పారబోయండి. చల్లటి గిన్నె మీ నీళ్ల వేడిలో మంచి భాగం లాగేసుకుంటుంది, నూడుల్స్ బిరుసుగా మిగులుతాయి. తర్వాత నూడుల్స్, పొడి, ఎండు ఆకులు వేసి, ప్యాకెట్ చెప్పినన్ని నీళ్లు, మామూలుగా 350 నుంచి 400 మిల్లీలీటర్లు, పొయ్యి మీద నుంచి దించీ దించగానే పోయండి. కొలిచి పోయండి, కంటి అంచనా వద్దు. పళ్లెం మూత పెట్టండి. చాలావాటికి మూడు నిమిషాలు. మధ్యలో మూత తీసి కలపాలని చేయి లాగుతుంది, కలపకండి. మూడు నిమిషాలయ్యాక నూనె పొట్లం పిండి, అడుగు నుంచి ఒకసారి పైకి తిప్పితే చాలు.

మిరప సాస్ పొట్లం ఉంటే పక్కన పెట్టండి. ఆ సాస్ దాదాపు ఎప్పుడూ ప్యాకెట్‌లో అన్నిటికన్నా నాసి సరుకు, అది పడిందంటే మిగతా వాసనలన్నీ మూగబోతాయి.

మొదటి ప్యాకెట్ ఇలా చెప్పినట్టే చేయండి. రెండోసారి నుంచి ఒక చిన్న కిటుకు పనికొస్తుంది. నూడుల్స్‌ను విడిగా వేడినీళ్లలో రెండు నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, మసాలా కలిపిన తాజా వేడినీళ్లలో వేయండి. వదులుగా ఉన్న పిండి పోతుంది, గిన్నె అడుగు కనబడేంత తేటగా వస్తుంది సూపు.

తాగడం, నమలడం

నూడుల్స్ తర్వాత, ముందు సూపు. రెండు మూడు చెంచాలు ఉత్తదే తాగండి. చిన్న చప్పుడుతో గాలితో పాటు పీల్చుకుంటే వాసన ముక్కుకి బాగా అందుతుంది, మర్యాదల సంగతి తర్వాత చూసుకోవచ్చు. మూడు విషయాలు గమనించండి. ఉప్పు ఎప్పుడు తెలుస్తోంది, మొదట్లోనా చివర్లోనా? మొదట్లోనే కొడితే పొడి తయారీలో తెలివి తక్కువ. మసాలాలో ఒక్క అనాస పువ్వే వినబడుతోందా, దాని వెనక లవంగం, కాల్చిన అల్లం కూడా ఉన్నాయా? నల్ల యాలకులను పొగ మీద ఎండబెడతారు, మంచి ప్యాకెట్లలో ఆ పొగ వాసన లీలగా తగులుతుంది. దొరికితే అదృష్టం. మూడోది, మాంసపు వాసన సూపులోంచి వస్తోందా, సూపు మీద విడిగా తేలుతోందా? కృత్రిమ ఫ్లేవర్ ఎక్కువైనప్పుడు అది మొదటి చెంచాలో ఘనంగా ఉండి, ఐదో చెంచాకి విసుగు పుట్టిస్తుంది.

ఇప్పుడు రెండు పెదవులూ కలిపి విడదీయండి. హైదరాబాద్‌లో పాయా తాగినవాళ్లకు ఈ పరీక్ష వెంటనే అర్థమవుతుంది. ఎముకల నుంచి, కీళ్ల నుంచి దిగిన జిగురు పెదవులను అతికిస్తుంది. నిజమైన ఫోలోనూ ఆ జిగురు ఉంటుంది, పాయాలో అంత కాకపోయినా తెలుస్తుంది. ప్యాకెట్ ఫోలో పెదవులు జారిపోతాయి, అక్కడున్నది నూనె మాత్రమే. ఉప్పు, కమ్మదనం, వాసన మూడింటినీ పొట్లంలో పెట్టగలిగారు. ఆ నిండుతనాన్ని ఇంకా పెట్టలేకపోయారు. ప్యాకెట్‌కూ హోటల్ గిన్నెకూ ఉన్న అసలు దూరం ఇదొక్కటే అని నా అభిప్రాయం. ఇంట్లో మటన్ గానీ కోడి గానీ ఎముకలతో ఉడికించిన ఉప్పులేని నీళ్లు ఉంటే, మామూలు నీళ్లలో మూడో వంతు అవి కలిపి చూడండి. దూరం సగానికి తగ్గుతుంది.

నూడుల్స్‌ను సూపులో ఎక్కువసేపు వదలకండి. పది నిమిషాలకు అవి ఉబ్బి, సూపు తాగేసి, మెత్తబడతాయి. మాట్లాడుతూ తినే వంటకం కాదిది. ఫోన్ కూడా అవతల పెట్టండి.

చేర్పులు, ఒక్కొక్కటిగా

గిన్నె సగమయ్యాక చేర్పులకు వెళ్లండి. ఒకటి వేయాలి, రెండు చెంచాలు తాగాలి, తర్వాత ఇంకొకటి.

మొదట నిమ్మరసం, నాలుగు చుక్కలు. ప్యాకెట్ సూపులో లోపించేది తాజాదనం, పులుపు దాన్ని తెస్తుంది, ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది. మీకు ఓపిక ఉంటే నిమ్మ బదులు హనోయ్ పద్ధతి చేయండి. రెండు వెల్లుల్లి రెబ్బలు పల్చగా కోసి, ఒక పండుమిర్చి చక్రాలతో పాటు వెనిగర్‌లో అరగంట ముందు నానేయండి. ఒక చెంచా వెనిగర్, రెండు వెల్లుల్లి ముక్కలు చాలు. నా ఓటు దీనికే, నిమ్మలా ఇది అనాస పువ్వును కప్పేయదు.

ఆకుల విషయంలో మనకొక సౌకర్యం ఉంది. దక్షిణాది ఫోలో వేసే ఆకు థాయ్ తులసి, దానికి సోంపు వాసన ఉంటుంది. మన ఇంటి ముందు కోటలో ఉండే తులసి వేరు, దాని ఘాటు లవంగంలా ఉంటుంది, వేయకండి. సబ్జా గింజలిచ్చే మొక్క, అంటే రుద్రజడ, ఆకు దీనికి దగ్గరి చుట్టం. అది దొరక్కపోతే కొత్తిమీర, ఉల్లికాడలు చాలు. పుదీనా వేస్తే మాత్రం బిర్యానీ గుర్తొస్తుంది, ఫో మరుగున పడుతుంది.

వాళ్లు వేసే మొలకలు మన పెసల నుంచి వచ్చేవే, కాకపోతే పొడుగ్గా, తెల్లటి కాడలతో పెంచుతారు. మన ఇళ్లలో గుడ్డలో కట్టే పొట్టి మొలకలకు పచ్చివాసన ఎక్కువ. వేయాలనుకుంటే ముప్పై సెకన్లు మరిగే నీళ్లలో ముంచి తీయండి. హొయ్‌సిన్ సాస్‌ను గిన్నెలో పిండకండి. చిన్న పళ్లెంలో వేసుకుని మాంసం ముక్కను అద్దుకోవడానికి అది.

మాంసం చేర్చాలనుకుంటే ఒక జాగ్రత్త. వియత్నాం హోటళ్లలో పచ్చి మాంసాన్ని కాగితంలా కోసి గిన్నెలో పెట్టి, సలసల మరిగే సూపు పోస్తారు, అందులోనే పైపైన ఉడుకుతుంది. ఇంట్లో నూడుల్స్ మీద పోసిన నీళ్లకు ఆ వేడి నిలవదు, కాబట్టి ఆ ప్రయోగం వద్దు. మాంసాన్ని అరగంట డీప్ ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక, పోగుకు అడ్డంగా, వీలైనంత పల్చగా కోయండి. విడిగా గిన్నెలో మరిగే నీళ్లలో ఎర్రదనం పూర్తిగా పోయేదాకా ఉడికించి, అప్పుడు సూపులో వేయండి. మన దగ్గర దొరికేది ఎక్కువగా గేదె మాంసం, పీచు గట్టిది. పోగు వెంబడి కోస్తే ఎంత ఉడికినా నమలలేరు. బీఫ్ వద్దనుకునేవాళ్లు ఉడికించిన కోడిని చేత్తో చీల్చి వేసుకోవచ్చు, శాకాహారులకు పుట్టగొడుగులు బాగా కుదురుతాయి.

మార్కులు, ఉప్పు లెక్క

తినేశాక గిన్నె కడగకముందే నాలుగు మాటలు రాసుకోండి: వాసన, సూపు, నూడుల్స్, చివర నోట్లో మిగిలిన రుచి. ఒక్కోదానికి ఐదుకి ఎన్ని మార్కులో వేయండి. హోటల్ ఫోతో పోల్చి వేయకండి, ఆ లెక్కన ఏ ప్యాకెట్టూ గట్టెక్కదు. పక్క ప్యాకెట్‌తో పోల్చండి. నా లెక్కలో నూడుల్స్ నాణ్యతకు అన్నిటికన్నా ఎక్కువ బరువు ఉంటుంది, ఎందుకంటే పొడిని మీరు సరిదిద్దుకోగలరు, నూడుల్స్‌ను ఏమీ చేయలేరు.

లేబుల్ వెనక సోడియం అంకె ఒకసారి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపు. ఇన్‌స్టంట్ నూడుల్స్ ఒక్క ప్యాకెట్టే అందులో సగం దాటేయడం మామూలు. ఆ ఉప్పులో ఎక్కువ భాగం సూపులోనే ఉంటుంది, కాబట్టి రుచి చూడటం అయిపోయాక అడుగున మిగిలినదంతా తాగాలన్న పట్టింపు పెట్టుకోకండి. రక్తపోటు ఉన్నవాళ్లు పొడిని సగమే వేసుకుని, వెల్లుల్లి వెనిగర్‌తో సరిపెట్టుకోవచ్చు, రుచి మరీ చప్పబడదు. రెండు కంపెనీలను పోల్చాలని ఉబలాటంగా ఉంటే ఒకే రోజు రెండు నిండు గిన్నెలు తాగకండి. చెరి సగం చేసి, ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. మార్కులు మాత్రం ఎవరివి వాళ్లు విడిగా వేయండి.